యాప్‌లో 48, మోచేతి మీద 243: మావాడి 167 రోజులు

మా అబ్బాయి మోచేతి నొప్పితో ఆట ఆపేసింది 2024 సెప్టెంబరు 22న. మళ్లీ బేస్‌బాల్ మ్యాచ్‌లో మౌండ్ (పిచ్చర్ నిలబడి బంతి విసిరే మట్టిదిబ్బ) ఎక్కింది 2025 మార్చి 8న. మధ్యలో 167 రోజులు. ఆపరేషన్ లేదు, కట్టు లేదు, మందులు లేనట్టే. ఎదురుచూడటం, కొలవటం, లెక్కపెట్టటం, అంతే. మేముండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. ఇక్కడ మనవాళ్ల పిల్లలు శనివారం బేస్‌బాల్, ఆదివారం క్రికెట్ ఆడటం మామూలైపోయింది. ఇంకో ఇంట్లో ఇదే మొదలైతే పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

వాడికి అప్పుడు 12 ఏళ్లు. కుడిచేతివాటం. ఆగస్టులో ట్రావెల్ టీముల (ఊరూరా టోర్నమెంట్లు ఆడే పిల్లల టీముల) కొత్త సీజన్ మొదలవగానే వయసు గ్రూపు మారుతుంది. 12 నుంచి 13 గ్రూపుకి వెళ్లేసరికి పిచింగ్ (బ్యాటర్‌కి బంతి వేయటం) దూరం 50 అడుగుల నుంచి 54కి జరుగుతుంది. బంతి అదే, పిల్లాడూ అదే. జులైలో 50 అడుగుల నుంచి విసిరిన చేయి ఆగస్టులో 54 నుంచి విసరాలి. ఆ 4 అడుగుల గురించి మేమెవరం ఆలోచించలేదు.

ఆగస్టు చివరి వారంలో ప్రాక్టీసు అయ్యాక కారులో చేయి విదిలించుకోవటం చూశాను. అడిగితే "ఇట్స్ ఫైన్ అమ్మా" అన్నాడు. మోచేయి లోపలివైపు ఐస్ పెట్టుకుంటున్నాడని రెండు వారాల తర్వాత తెలిసింది, అది కూడా ఫ్రిజ్‌లో బఠాణీల ప్యాకెట్టు కనపడక వెతికితే. నొప్పి అని చెబితే కోచ్ పక్కన కూర్చోబెడతాడని వాడి భయం. ఈ వయసు పిల్లలు నోటితో చెప్పరు. మామూలుగా విసిరే బంతి ఎత్తుగా పోతుంటే, మూడో ఇన్నింగ్స్ నుంచి మోచేయి భుజం కంటే కిందకి జారుతుంటే, బంతికీ బంతికీ మధ్య చేయి విదిలిస్తుంటే, ఆ మూడింటినే చెప్పటం అనుకోవాలి. మా విషయంలో మూడూ కనపడ్డాయి. నేను మ్యాచ్‌లో పిచ్‌లు, అంటే బ్యాటర్‌కి వేసిన బంతులు, లెక్కపెట్టే స్కోరు యాప్ చూస్తూ కూర్చున్నాను.

సెప్టెంబరు 21 శనివారం టోర్నమెంటు. పొద్దున మ్యాచ్‌లో పిచింగ్, మధ్యాహ్నం మ్యాచ్‌లో మూడు ఇన్నింగ్స్ క్యాచర్ (బ్యాటర్ వెనక ఉండి బంతి పట్టేవాడు). ఆదివారం క్రికెట్: 4 ఓవర్ల బౌలింగ్, తర్వాత బౌండరీ దగ్గర ఫీల్డింగ్. సాయంత్రం పాల క్యాన్ కుడిచేత్తో ఎత్తబోయి వదిలేశాడు. చేయి చాపమంటే చివరి కొంచెం చాపలేకపోయాడు. అప్పుడు ఏడ్చాడు. నొప్పికి కాదు, దాచింది బయటపడినందుకు.

23 సోమవారం అర్జంట్ కేర్‌కి (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్‌కి) పరిగెత్తాం. అక్కడ రెండు గంటలు కూర్చోబెట్టి కుడి మోచేయి ఎక్స్‌రే ఒక్కటే తీశారు. విరగలేదు, అంతా మామూలుగా ఉంది అన్నారు. నొప్పి మందు ఐబుప్రొఫెన్ వేయమని, వారం తర్వాత ఆడొచ్చని కాగితం ఇచ్చారు. ఆ కాగితం నమ్మి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. 25న మా పిల్లల డాక్టరమ్మ మోచేయి లోపలి గుబ్బ మీద ఒక్క వేలితో నొక్కింది. వాడు కుర్చీలోంచి లేచాడు. ఆవిడ పిల్లల స్పోర్ట్స్ మెడిసిన్‌కి రిఫరల్ రాసింది. దొరికిన మొదటి తేదీ అక్టోబరు 9. రోజూ పొద్దున 8 గంటలకి ఫోన్ చేసి, ఎవరైనా రద్దు చేసుకున్నారా అని అడిగితే మూడో రోజుకే అక్టోబరు 1 దొరికింది. వెయిటింగ్ లిస్టులో పేరు రాయించి ఊరుకోకండి, మీరే ఫోన్ చేయండి.

ఈలోగా తిరుపతి నుంచి మా అమ్మ వీడియో కాల్‌లో, "ఇక్కడుంటే పుత్తూరు కట్టు కట్టించి పంపేదాన్ని, ఇన్ని రోజులు పట్టేదా?" అంది. విరిగితే కదమ్మా కట్టు అన్నాను. పక్కింటి వాళ్లు ఎదిగే వయసు నొప్పులు, వాటంతట అవే పోతాయి అన్నారు. ఎదిగే నొప్పి రెండు కాళ్లలో రాత్రిపూట వస్తుందిగానీ, విసిరే చేతికే, విసిరాకే ఎందుకొస్తుందని అప్పుడు అడగటం తోచలేదు.

అక్టోబరు 1 మంగళవారం. ఇక్కడ రెండు మోచేతులకీ ఎక్స్‌రే తీశారు. బాగున్న చేతికెందుకు అనుకుంటారు. పిల్లల ఎముకల చివర్లలో గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే మెత్తని చోటు) నల్లని గీతలా కనపడుతుంది, అక్కడ సందు ఉండటమే సహజం. ఎంత సందు ఎక్కువో తెలియాలంటే అదే పిల్లాడి రెండో చేయితో పోల్చాలి. పక్కపక్కన పెడితే నాకే తెలిసింది: కుడివైపు గీత ఎడమదాని కంటే వెడల్పుగా ఉంది. అర్జంట్ కేర్‌లో మామూలుగా ఉందన్న ఎక్స్‌రే కూడా తప్పు కాదు, అది సగం ఎక్స్‌రే.

డాక్టరు చెప్పిన పేరు మీడియల్ ఎపికాండైల్ అపోఫిసైటిస్. అందరూ అనేది లిటిల్ లీగ్ ఎల్బో (లిటిల్ లీగ్ అంటే పిల్లల బేస్‌బాల్ సంస్థ). చేయి వెనక్కి పోయి ఒక్కసారిగా ముందుకు దూకే క్షణంలో మోచేయి లోపలివైపు విచ్చుకోబోతుంది. దాన్ని పట్టి ఆపేది అక్కడి లిగమెంటు (ఎముకల్ని కలిపి పట్టే గట్టి పట్టీ), ముంజేతి కండరాలు. రెండూ అంటుకుని ఉన్నది ఆ గుబ్బకే. పెద్దవాళ్లలో ఆ లాగుడు లిగమెంటు మీద పడుతుంది. పిల్లల్లో లిగమెంటు కంటే గుబ్బ కింద ఉన్న గ్రోత్ ప్లేట్ మెత్తన. తాడు గట్టిది, మేకు దిగిన గోడే ఇంకా పచ్చిది. అందుకే 12 ఏళ్లవాడికి దాదాపు ఎప్పుడూ ముందు గోడే కదులుతుంది.

ఆయన అడిగిన ప్రశ్నలు రాసుకున్నాను. విసిరినప్పుడు టప్‌మని శబ్దం వచ్చిందా? వచ్చి ఉంటే గుబ్బ ఊడి వచ్చిందేమోనని అనుమానం. నొప్పి బయటివైపు ఉందా, మోచేయి ఎక్కడైనా పట్టేసినట్టు ఆగుతోందా? అది వేరే జబ్బు, అప్పుడు ఎమ్మారై కావాలి, గడువూ ఎక్కువ. ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతున్నాయా? అది నరం. మావాడికి ఇవేవీ లేవు కాబట్టి ఎమ్మారై అక్కర్లేదన్నాడు. మనమే పట్టుబట్టి చేయించే రకం కదా మనం, మా ఆయన రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ వద్దనే అన్నాడు.

డాక్టరు పెట్టిన షరతులివి: ఆరు వారాలు ఏ బంతీ విసరకూడదు. మూడు వారాల తర్వాత నొప్పి లేకపోతే బ్యాటింగ్ చేయొచ్చు, పరిగెత్తొచ్చు. క్యాచర్‌గా నిలబడకూడదు. ఐబుప్రొఫెన్ మొదటి మూడు రోజులకే, ఆ తర్వాత వద్దు. నొప్పి ఉందో లేదో తెలియటమే ఇక్కడ కొలత, దాన్ని మందుతో చెరిపేస్తే కొలవటానికేమీ మిగలదు.

ఆ తర్వాత డాక్టరు అడిగింది, "ఆ వారంలో మొత్తం ఎన్ని విసిరాడు?" నేను ధీమాగా యాప్ తెరిచి 48 అన్నాను. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్‌ఏ బేస్‌బాల్ సంస్థలు కలిసి 2014లో పెట్టిన పిచ్ స్మార్ట్ పట్టికలో 11, 12 ఏళ్లవాళ్లకి రోజుకి 85 దాకా ఉంది. 36 నుంచి 50 విసిరితే రెండు రోజుల విశ్రాంతి. మేం చాలా లోపలే ఉన్నామని నా నమ్మకం. "యాప్‌లో ఉన్నది కాదు, చేయి విసిరింది" అన్నాడు. ఇంటికొచ్చి కాగితం మీద వేశాం. మంగళవారం టీము ప్రాక్టీసులో 30. గురువారం ప్రైవేటు పిచింగ్ క్లాసులో 45. శనివారం మ్యాచ్‌లో 48, దానికి ముందు వార్మప్‌లో 20, ఇన్నింగ్స్ మధ్యలో అయిదేసి చొప్పున 15. మధ్యాహ్నం క్యాచర్‌గా ప్రతి బంతీ పిచ్చర్‌కి తిరిగి వేయాలి కదా, ఇన్నింగ్స్‌కి 20 చొప్పున 60. ఆదివారం బౌండరీ నుంచి 25. మొత్తం 243. బౌలింగ్ కలపలేదు. బౌలింగ్‌లో మోచేయి చాపి ఉంటుంది, ఆ లాగుడు లోపలి గుబ్బ మీద ఇంతగా పడదు. బౌండరీ నుంచి కీపర్‌కి కొట్టే త్రో మాత్రం పూర్తి బలం, పైగా చాలాసేపు నిలబడి చల్లబడిన చేత్తో.

ఇందులో ఎవరూ ఏ నియమమూ తప్పలేదు. టీము తన ప్రాక్టీసు లెక్క చూసుకుంది, క్లాసు సారు తన 45 చూసుకున్నాడు, క్రికెట్‌వాళ్లు ఓవర్లు చూసుకున్నారు. కలిపి చూసే మనిషి లేడు. లిటిల్ లీగ్‌లో ఒక నియమం ఉంది: 41 లేదా ఎక్కువ పిచ్‌లు వేసినవాడు ఆ రోజు మళ్లీ క్యాచర్‌గా నిలబడకూడదు. మా టోర్నమెంటులో లెక్క పిచ్‌లకి కాదు, ఇన్నింగ్స్‌కి. కాబట్టి ఆ నియమం మా దాకా రాలేదు. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా ఒక్క నెల కూడా విడవకుండా విసిరాడన్నది వేరే. ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరటమే మానాలని, అందులో కనీసం రెండు మూడు నెలలు వరసగా ఉండాలని అదే పిచ్ స్మార్ట్ చెబుతుంది. టెక్సస్ ఎండకి మైదానం మూతపడే కాలమే లేదు, ఇక మానేదెప్పుడు?

పీటీకి (ఫిజియోథెరపీకి) మొదటి ఖాళీ అక్టోబరు 10 గురువారం. తొమ్మిది రోజులు. మోచేయి చూస్తారనుకుని వెళ్తే ఫిజియోథెరపిస్టు మోచేతిని ముట్టుకున్నది రెండు నిమిషాలు. పడుకోబెట్టి భుజం ఎంత తిరుగుతుందో కోణమానినితో కొలిచింది. లోపలికి తిరగటం ఎడమ భుజం 66 డిగ్రీలు, కుడిది 48. తర్వాత ఒంటికాలి మీద గుంజీ తీయించింది. కుడికాలి మీద మోకాలు లోపలికి పడిపోయింది. నడుము, తుంటి ఇవ్వాల్సిన బలం ఇవ్వకపోతే, భుజం తిరగాల్సినంత తిరగకపోతే, ఆ లోటు పూడ్చేది మోచేయే. ఇంటి పని రోజుకి 25 నిమిషాలు: పక్కకి పడుకుని భుజం సాగదీయటం మూడుసార్లు 30 సెకన్లు, ఒక పౌండు డంబెల్‌తో భుజం వ్యాయామాలు, మణికట్టు పైకీ కిందికీ, తుంటికి రబ్బరు బ్యాండుతో పక్కనడక, ప్లాంక్. ఒక పౌండు చూసి వాడు నవ్వాడు. పన్నెండోసారికి చేయి వణికింది.

నవంబరు 12న ఆరు వారాలు నిండాయి. విసరొచ్చంటారనుకుని వాడు గ్లోవ్ కారులో పెట్టుకుని వచ్చాడు. డాక్టరు నొక్కితే ఇంకా నొప్పి. ఏం విసిరావ్ అంటే ఏమీ లేదన్నాడు, నిజంగానే అనుకున్నాడు. అడగ్గా అడగ్గా తేలింది: బడిలో పీఈ (ఆటల) పీరియడ్‌లో డాడ్జ్‌బాల్ (బంతి విసిరి ఎదుటివాళ్లకి తగిలించే ఆట), రెండు వారాల్లో మూడుసార్లు. తప్పు మా చీటీలో ఉంది. బడికిచ్చిన మొదటి చీటీలో బేస్‌బాల్ ఆడకూడదు అని ఉంది. పీఈ టీచరు అక్షరాలా పాటించారు. కొత్త చీటీలో ఏ బంతీ, ఏ వస్తువూ, ఏ చేత్తోనూ భుజం పైకెత్తి విసరకూడదు అని రాయించాం. మరో రెండు వారాలు. ఆ సాయంత్రం వాడు నాతో మాట్లాడలేదు. గ్లోవ్ కారులోనే ఉండిపోయింది, నేనూ తీయలేదు.

నవంబరు 26న నొక్కితే నొప్పి లేదు. చేయి పూర్తిగా చాపగలిగాడు, రెండు చేతుల బలం సమానం. మళ్లీ ఎక్స్‌రే తీయలేదు. ఫిల్ము మీద గీత సర్దుకోవటం నొప్పి తగ్గటం కంటే వెనకపడుతుందట, పిల్లాణ్ని చూసే నిర్ణయిస్తారు. విసరటం మొదలుపెట్టడానికి ఒక పట్టిక చేతికిచ్చారు. ఇక్కడి నుంచే అసలు ఓపిక.

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజైనా ఖాళీ. 30 అడుగుల నుంచి 25 విసుర్లు, పది నిమిషాల విశ్రాంతి, మళ్లీ 25. ఇది మొదటి మెట్టు. రెండో మెట్టు అదే దూరం, 25 చొప్పున మూడుసార్లు. తర్వాత 45, 60, 90 అడుగులు, ప్రతి దూరానికీ రెండేసి మెట్లు. ప్రతి మెట్టూ రెండుసార్లు నొప్పి లేకుండా దాటితేనే పైకి. నవంబరు 30న పార్కులో టేపు పెట్టి 30 అడుగులు కొలిచాం. అడుగులేసి కొలిస్తే మా ఆయన 30 నిజానికి 37 వచ్చింది. 25 బంతులు బక్కెట్లో లెక్కపెట్టి పెడితే లెక్క తప్పదు. నెట్‌కి విసరటం కంటే మనిషికి విసరటం మేలు: నెట్ ముందు పిల్లలు పది సెకన్లకి మూడు కొడతారు, మనిషైతే పట్టుకుని తిరిగి వేసేదాకా ఆగాల్సిందే. సగం బలంతో అన్న మాట పిల్లలకి అర్థం కాదు. స్నేహితుల దగ్గర వేగం కొలిచే రాడార్ తెచ్చి చూస్తే, గట్టిగా గంటకి 58 మైళ్లు వేసేవాడు సగం అనుకుని వేసింది 49. అప్పటి నుంచి బంతి కొంచెం వంపుగా పైకి లేచి దిగాలి అని చెప్పాం, అది అర్థమైంది.

నొప్పి వస్తే ఏం చేయాలో కూడా పట్టికలోనే ఉంది. వార్మప్‌లో నొప్పి వచ్చి మొదటి 15 విసుర్లలో పోతే, క్రితంసారి చేసిన మెట్టే మళ్లీ. 15 తర్వాత కూడా ఉంటే అక్కడితో ఆపి రెండు రోజులు సెలవు, ఒక మెట్టు దిగాలి. విసిరిన గంట తర్వాత కూడా ఉంటే, లేదా మర్నాడు ఉంటే, ఒక రోజు సెలవు, అదే మెట్టు మళ్లీ. ఇది ఫ్రిజ్ మీద అంటించండి. ఆ క్షణంలో ఎవరికీ గుర్తుండదు, పిల్లాడి మొహం చూసి ఇంకో పది వేయనిద్దాం అనిపిస్తుంది.

డిసెంబరు 21 శనివారం 60 అడుగుల దగ్గర నొప్పి వచ్చింది. 15 దాటినా పోలేదు. ముందు రోజు సాయంత్రం వీధిలో పిల్లలతో గంటసేపు అమెరికన్ ఫుట్‌బాల్ (చేత్తో విసిరేది) విసిరాడు. అది బేస్‌బాల్ కాదు కదా అని వాడి లెక్క. 22, 23 సెలవు, 24న మళ్లీ 45 అడుగులకి. పీటీ డిసెంబరు 12తో అయిపోయింది, పండగ సెలవుల్లో ఖాళీ లేదు, జనవరి 2న, 9న రెండుసార్లు చూశారు.

అక్కడే డబ్బు దెబ్బ. 2024లో మా ఆయన మోకాలి ఆపరేషన్‌తో డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వటం మొదలుపెట్టే ముందు ఏటా మనమే కట్టాల్సిన మొత్తం) ఏప్రిల్‌లోనే నిండిపోయింది కాబట్టి మేం కట్టింది 20 శాతమే. అర్జంట్ కేర్ 62 డాలర్లు, పిల్లల డాక్టరు 24, స్పోర్ట్స్ క్లినిక్ 46, రెండు చేతుల ఎక్స్‌రే 22, మళ్లీ చూపించుకున్న రెండుసార్లకీ కలిపి 62, పీటీ తొమ్మిదిసార్లకి 28 చొప్పున 252. జనవరి 1తో డిడక్టిబుల్ సున్నాకి వచ్చింది. ఆ రెండుసార్లకే 140 చొప్పున 280. మొత్తం 748. అక్టోబరులో వారానికి ఒకటి బదులు రెండు పెట్టించుకుని ఉంటే బాగుండేదని తర్వాత అనిపించింది. వీటన్నిటి కంటే పెద్దది టీము ఫీజు: 1400 డాలర్లు, గాయమైనా తిరిగివ్వరని సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. సంతకం నాదే.

90 అడుగులు జనవరి 21తో అయ్యాయి. 25న మౌండ్, 54 అడుగుల నుంచే. మొదట 15 ఫాస్ట్‌బాల్స్ సగం బలంతో. అవి 30, 45 దాకా పెరిగాక ముప్పావు బలం, ఆ తర్వాతే చేంజప్ (వేగం తగ్గించి వేసే బంతి), చివర్లో ఎదురుగా బ్యాటర్. కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) పట్టికలోనే లేదు, ఇప్పట్లో అడగొద్దన్నాడు డాక్టరు. మౌండ్ మీద ఎక్కువమంది చేసే పొరపాటు వార్మప్‌ని లెక్కలో కలపకపోవటం. మాకు ఇచ్చిన 30 అంటే వార్మప్ కాక 30, కాబట్టి ఆ రోజు చేయి విసిరేది 55.

మార్చి 8 శనివారం. కోచ్‌కి ముందే రాసిచ్చాం: 20 పిచ్‌లు, ఒకే ఇన్నింగ్స్, క్యాచర్ వద్దు. 17కే ఇన్నింగ్స్ అయిపోయింది. మూడు మిగిలాయి కదా, ఇంకో బ్యాటర్‌కి వేస్తాడా అని కోచ్ కంచె దగ్గరికొచ్చి అడిగాడు. ఒక బ్యాటర్ మూడు బంతుల్లో అవుతాడన్న గ్యారంటీ ఏముంది? వద్దన్నాను. మావాడు డగౌట్‌లోంచి (జట్టు కూర్చునే చోటు నుంచి) నావైపు చూసి వేళ్లతో ఎంత అని అడిగాడు. వార్మప్‌తో కలిపి 42 అని చూపించాను.

ఫ్రిజ్ మీద కాగితంలో ఇప్పుడు ఆరు గడులున్నాయి: టీము, క్లాసు, మ్యాచ్, వార్మప్, క్రికెట్, వీధి. ఆరోది వాడే గీశాడు. క్రికెట్ ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఈ సీజనంతా బౌండరీ దగ్గర కాకుండా స్లిప్‌లో నిలబెట్టమని వాళ్ల కెప్టెన్‌కి చెప్పాం. స్లిప్‌లో క్యాచ్ పట్టడం వాడికి రాదు, అది వేరే సంగతి.